ఒంటరిగా విదేశ ప్రయాణం: ఇల్లు వదిలిన దగ్గర నుంచి మూడో రోజు దాకా

మూడు నెలలపాటు విదేశాల్లో ఒంటరిగా తిరగాలని నిశ్చయించుకున్నవారు సాధారణంగా ఆ మూడు నెలలకూ సరిపడే పట్టిక ఒకటి తయారు చేసుకుంటారు. ఏ ఊళ్లో ఎన్ని రోజులు, ఏ గుడి, ఏ సముద్రతీరం అని రాసుకున్న ఆ పట్టిక పదో రోజుకే పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే దారిలో కలిసినవారు చెప్పిన ఊరు మనం రాసుకున్న ఊరికంటే ఎప్పుడూ బాగుంటుంది. ఇల్లు వదిలిన క్షణం నుంచి పరాయి ఊళ్లో మొదటి రాత్రి తలుపు గడియ వేసుకుని పడుకునేదాకా గడిచే ముప్పై గంటల గురించి మాత్రం తగినంత ఆలోచించేవారు తక్కువ. నేను మొదటిసారి హనుమకొండ నుంచి బ్యాంకాక్ వెళ్లి, వియత్నాం, మలేషియా మీదుగా డెబ్బై రోజులకు తిరిగి వచ్చినప్పుడు పడిన ఇబ్బందుల్లో చాలావరకు ఆ ముప్పై గంటల్లోనే పడ్డాను. అందువల్ల ఈ వ్యాసంలో ఆ భాగాన్నే వివరిస్తాను. ఉదాహరణకు బ్యాంకాక్‌నే తీసుకుంటున్నాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం సుమారు మూడున్నర గంటలే, దిగగానే ఊళ్లోకి రైలు ఉంది. మొదటి ఒంటరి ప్రయాణానికి ఇంతకంటే అనువైన ఊరు నాకు తెలియదు.

ఇంట్లో ఉండగానే

పాస్‌పోర్టు లేనివారు దానితోనే మొదలుపెట్టాలి. వరంగల్‌లోనే తపాలా శాఖ ఆవరణలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్నందువల్ల ఆ పనికి హైదరాబాద్ పరుగెత్తనక్కర లేదు. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000 రూపాయలు రుసుము. చాలా దేశాలు తిరగాలనుకునేవారు ఆ అయిదు వందలకు వెనుకాడకుండా పెద్దదే తీసుకోవడం మంచిది. పాత పాస్‌పోర్టు ఉన్నవారు, విదేశంలో దిగే రోజుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో చూసుకోవాలి.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, టికెట్ల వెబ్‌సైట్లు చివరి పేరు ఏమిటని అడుగుతాయి. పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉండవచ్చు, లేదా అసలు ఆ గడే ఖాళీగా ఉండవచ్చు. టికెట్టు కొనేటప్పుడు ఆధార్‌ను గాని మెమోను గాని పక్కన పెట్టుకోకుండా పాస్‌పోర్టునే తెరిచి, అందులో సర్‌నేమ్ అన్న చోట ఏముందో, గివెన్ నేమ్ అన్న చోట ఏముందో అక్షరం పొల్లు పోకుండా ఎక్కించాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులకు కొన్ని దేశాల్లో అభ్యంతరాలు ఎదురవుతాయి కనుక, వీలైతే ముందే సరి చేయించుకోవడం మేలు.

థాయ్‌లాండ్ 2024 జూలైలో భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలు కల్పించింది. ఇలాంటి నియమాలు తరచూ మారుతుంటాయి, అందుచేత టికెట్టుకు డబ్బు కట్టే రోజున ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో మళ్లీ ఒకసారి చదువుకోవాలి. వీసా అవసరం లేకపోయినా 2025 మే నుంచి ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపవలసి ఉంటుంది. దాన్ని దిగడానికి మూడు రోజుల ముందు నుంచి మాత్రమే నింపనిస్తారు, దానికి రుసుము ఏమీ లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించి బయటికి వచ్చేయాలి.

ఇంతవరకు కాగితాల సంగతి. మనిషి సన్నాహం వేరు. ఎన్నడూ ఒంటరిగా ప్రయాణం చేయనివారికి నేను చెప్పే పరీక్ష ఒకటే: విదేశానికి వెళ్లే ముందు కాజీపేటలో నాగ్‌పూర్ రైలు ఎక్కి, తెలిసినవారెవరికీ చెప్పకుండా, అక్కడ ఒక రాత్రి గడిపి రండి. హైదరాబాద్ ఈ పరీక్షకు పనికిరాదు, అక్కడ ప్రతి కాలనీలో మనకు ఒక మేనమామో చిన్నమ్మో ఉంటారు. భాష అంతంతమాత్రంగా వచ్చిన ఊళ్లో రాత్రి దిగడం, గది వెతుక్కోవడం, హోటల్లో ఒక్కరే కూర్చుని తినడం, ఆటోవాడితో బేరమాడడం ఒకసారి అలవాటైతే బ్యాంకాక్‌లో కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ. ఒంటరిగా కూర్చుని భోజనం చేయడం అన్నిటికంటే కష్టమని నాకు నాగ్‌పూర్‌లోనే తెలిసింది.

సంచికి కూడా ఒక పరీక్ష ఉంది. అంతా సర్దాక దాన్ని భుజాన వేసుకుని పద్మాక్షి గుట్ట మెట్లెక్కి దిగండి. మధ్యలో రెండుసార్లు కంటే ఎక్కువ ఆగవలసి వస్తే ఇంటికి వచ్చి మూడో వంతు తీసేయండి. డెబ్బై రోజులకైనా ఏడు రోజులకైనా కావలసిన బట్టలు ఒక్కటే, ఎందుకంటే ఉతుక్కోవడం ఎక్కడైనా తప్పదు. పది కిలోలు దాటని సంచి అయితే ఒంటరి మనిషికి ఇంకొక లాభం ఉంది: మూత్రశాలకు వెళ్లేటప్పుడు కాస్త చూస్తుండమని ఎవరినీ అడగనక్కర లేకుండా వెంట తీసుకుపోవచ్చు.

తినుబండారాల గురించి ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది. సకినాలు, గరిజలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆవకాయ మాత్రం చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో తీసి పక్కన పెడతారు, దాన్ని గట్టిగా మూత బిగించి విమానం అడుగున వేసే లగేజీలోనే పంపాలి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువగా ఉండి మంటను అంటుకునే గుణం ఉన్నందువల్ల దానికి లగేజీలో అనుమతి లేదు, ఇంట్లోనే వదిలేయడం సుఖం. పవర్ బ్యాంకు విషయం ఆవకాయకు సరిగ్గా తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. మందులకు వైద్యుడు రాసిచ్చిన చీటీ జత చేయాలి. కోడీన్ కలిసిన దగ్గు మందు థాయ్‌లాండ్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది కనుక తీసుకెళ్లకపోవడమే మంచిది.

డబ్బు, ఫోను

నేను అన్నిటికంటే గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే. నా డెబిట్ కార్డు వెనక అంతర్జాతీయ చిహ్నం ఉంది కనుక ఎక్కడైనా పనిచేస్తుందని అనుకున్నాను. బ్యాంకాక్‌లో మొదటి ఏటీఎం దాన్ని తిరస్కరించింది, రెండోదీ అంతే. మన దేశంలో 2020 నుంచి కార్డులన్నీ స్వదేశంలో వాడుకోవడానికి మాత్రమే తెరిచి ఇస్తారు, విదేశీ వాడకాన్ని మనమే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. యాప్ తెరిస్తే ఓటీపీ అడిగింది, ఓటీపీ రావలసిన సిమ్‌కు రోమింగ్ లేదు. ఆ రోజు నా జేబులో ఉన్న నూరు డాలర్ల నోటు ఒక్కటే నన్ను కాపాడింది.

అందువల్ల ఈ వరుసలో చేసుకోండి. బయలుదేరడానికి వారం ముందు రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులకు విదేశీ వాడకం తెరిచి, రోజుకు ఇంత అన్న పరిమితి పెట్టండి. ఒక కార్డు పర్సులో ఉంటే రెండోది సంచి అడుగున ఉండాలి. ఇక్కడి సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ తెరిపించండి. దానితో మాట్లాడనక్కర లేదు, ఇంటర్నెట్ వాడనక్కర లేదు, బ్యాంకు పంపే సందేశాలు అందితే చాలు. డేటా రోమింగ్ మాత్రం ఆపి ఉంచాలి, లేకపోతే నెలాఖరు బిల్లు చూసి నోట మాట రాదు. రెండు సిమ్‌లు పట్టే ఫోను అయితే అక్కడ కొన్న సిమ్ రెండో గదిలో ఉంటుంది. ఇక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో చెల్లించడం అలవాటైన మనం, అక్కడ అది పనిచేయదని అనుకునే బయలుదేరాలి.

భారతీయ కరెన్సీని దేశం బయటికి మనిషికి 25,000 రూపాయల వరకే తీసుకెళ్లనిస్తారు. పైగా విదేశాల్లో రూపాయలకు మంచి ధర రాదు కనుక వాటిని మోసుకెళ్లి ప్రయోజనం లేదు. రెండు మూడు వందల డాలర్లు, మొదటి రోజుకు సరిపడే రెండు వేల బాట్లు (థాయ్‌లాండ్ కరెన్సీ) ఇక్కడే అధీకృత విదేశీ మారక కేంద్రంలో రసీదుతో కొనుక్కుంటే మనసు కుదురుగా ఉంటుంది. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డు పెట్టిన ప్రతిసారీ రెండు వందల బాట్లకు పైగా రుసుము తీసుకుంటాయి, అందుచేత కొంచెం కొంచెంగా తీయడం నష్టం. యంత్రం మీ దేశపు కరెన్సీలో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని నొక్కాలి. అవునంటే ఆ యంత్రం చెప్పిన మారకపు ధరే ఖాయమవుతుంది, ఆ ధర మన బ్యాంకు ఇచ్చేదానికంటే సాధారణంగా దారుణంగా ఉంటుంది.

పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, టికెట్లు, బీమా పత్రం, కార్డులు పోతే ఫోన్ చేయవలసిన బ్యాంకు నంబర్లు, ఇవన్నీ ఒక కాగితం మీద ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి, ఇంట్లో ఒకరి దగ్గర ఒకటి ఉండాలి. ఇంటివారితో ఫోన్ విషయం కూడా ముందే తేల్చుకోండి. బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది. మన రాత్రి ఎనిమిదికి అక్కడ తొమ్మిదిన్నర అవుతుంది, ఆ సమయానికి ఒక్క సందేశం తప్పకుండా వస్తుందని, మిగతా సమయంలో ఫోన్ ఎత్తకపోతే ఆందోళన పడవద్దని చెప్పి ఒప్పించండి. మా అమ్మను ఒప్పించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఒప్పుకున్నాక కూడా నేను విమానం దిగకముందే ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది.

బయలుదేరే రోజు

హైదరాబాద్ నుంచి తూర్పు దేశాలకు వెళ్లే విమానాల్లో చాలావాటికి అర్ధరాత్రి దాటాకే సమయం. టికెట్టు మీద 14వ తేదీ 0:45 అని ఉంటే 13వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 14వ తేదీ సాయంత్రం తీరిగ్గా బయలుదేరి, విమానం నిన్న రాత్రే వెళ్లిపోయిందని కౌంటర్ దగ్గర తెలుసుకున్నవారు మన చుట్టాల్లోనే ఉంటారు. టికెట్టు కొన్న రోజే క్యాలెండర్ మీద ఇల్లు వదలవలసిన తేదీని, గంటను రాసి గోడకు తగిలించాలి.

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు శంషాబాద్ చేరాలి. వరంగల్ నుంచి రోడ్డు మీద జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలో చొరబడకుండానే విమానాశ్రయం చేరవచ్చు. రైలులో వెళ్లేవారికి సికింద్రాబాద్ వరకు రెండు, రెండున్నర గంటలు పడుతుంది, అక్కడి నుంచి ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులున్నాయి. రైలు ఆలస్యమైనా తట్టుకునేలా మధ్యాహ్నమే బయలుదేరడం మంచిది.

మన దగ్గర విదేశానికి ఒకరు వెళ్తుంటే తుఫాన్ బండి కట్టించుకుని పన్నెండు మంది సాగనంపడానికి వస్తారు. టికెట్టు లేనివారిని టెర్మినల్ లోపలికి రానివ్వరు కనుక ఆ పన్నెండు మందీ తలుపు బయట నిలబడి ఏడుస్తారు, వెళ్లేవారు తనిఖీ వరుసలో నిలబడి ఏడుస్తారు, ఈలోగా కౌంటర్ మూసే సమయం దగ్గరపడుతుంది. సాధారణంగా విమానం బయలుదేరడానికి గంట ముందే కౌంటర్ మూసేస్తారు. నా మాట వినేవారైతే కాజీపేట ప్లాట్‌ఫారం మీదే వీడ్కోలు ముగించండి. అక్కడి నుంచే ఒంటరి ప్రయాణం మొదలైతే శంషాబాద్ చేరేసరికి మనసు కొంత స్థిమితపడి ఉంటుంది.

కౌంటర్‌లో అడిగే ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: తిరుగు టికెట్టు ఏది? వీసా లేకుండా వెళ్లేవారికి ఆ దేశం నుంచి బయటపడే టికెట్టు చూపకపోతే విమాన సంస్థవారు బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి నిరాకరించవచ్చు. ప్రయాణికుణ్ణి అవతల దేశం వెనక్కి పంపిస్తే తిరిగి తీసుకురావలసిన భారం వారిదే. ఇంటికి తిరిగి వచ్చే తేదీ తేలనివారు తరవాతి దేశానికి చవక టికెట్టు ఒకటి కొనుక్కోవాలి. నేను హనోయికి కొన్నాను, దానితోపాటు వియత్నాం ప్రభుత్వం ఇచ్చే ఇ-వీసా కాగితం కూడా చూపాను. ఆ వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజులకు ఇస్తున్నారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ఇమ్మిగ్రేషన్ అధికారి ఎక్కడికి, ఎందుకు, ఎన్ని రోజులు అని అడిగితే ఉన్నది ఉన్నట్టు క్లుప్తంగా చెబితే సరిపోతుంది.

దిగిన తరవాత

బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి, ఏ దానిలో దిగుతున్నారో టికెట్టు మీద చూసుకోండి. డాన్ మువాంగ్ పాతది. 2006లో ప్రారంభమైన కొత్తదాని పేరు విన్నప్పుడు తెలుగువారికి పరాయిదనిపించదు, అది సువర్ణభూమి. తిరుగు ప్రయాణంలో అక్కడ క్షీరసాగర మథన శిల్పం ముందు కాసేపు ఆగవచ్చు, వచ్చేటప్పుడు మాత్రం కాళ్లు నేరుగా ఇమ్మిగ్రేషన్ వరుసకే నడవాలి.

ఆ వరుసలో డిజిటల్ కార్డు, బస చేసే చోటి చిరునామా, ముందుకు వెళ్లే టికెట్టు చేతిలో ఉంచుకోండి. ఫోటో తీసి, వేలిముద్రలు తీసుకుని ముద్ర వేస్తారు. పాస్‌పోర్టు తిరిగి ఇవ్వగానే ఆ ముద్రలో ఎప్పటివరకు ఉండవచ్చని రాశారో అక్కడే చదవండి, పొరపాటు ఉంటే ఆ కౌంటర్ దగ్గరే సరి చేయించుకోవడం సులువు. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాట్ల చొప్పున, గరిష్ఠంగా 20,000 బాట్ల దాకా జరిమానా పడుతుంది.

సామాను చేతికి వచ్చాక తొందరపడకండి. తెల్లవారుజామున నిద్ర లేని కళ్లతో బయటికి రాగానే టాక్సీ కావాలా అని ఎవరెవరో పలకరిస్తారు. ఒక్కరికీ జవాబు చెప్పకుండా ఒక కుర్చీ చూసుకుని కూర్చోండి. నీళ్లు తాగండి, ముఖం కడుక్కోండి, పాస్‌పోర్టు మళ్లీ దాని చోట పెట్టండి. ఈ పదిహేను నిమిషాలు కూర్చోకపోవడం వల్లనే మనుషులు ఫోన్లు, టోపీలు, ఒకోసారి పాస్‌పోర్టులు కూడా పోగొట్టుకుంటారు. తరవాత పాస్‌పోర్టు చూపి సిమ్ కొనుక్కుని, అది పనిచేస్తోందని కౌంటర్ ముందే నిర్ధారించుకుని, ఇంటికి ఒక సందేశం పంపండి.

రైలు అడుగు అంతస్తులో ఉంటుంది. డబ్బు మార్చుకోవలసినవారు కూడా పై అంతస్తుల్లో మార్చకుండా కిందికే దిగాలి, రైలు స్టేషన్ పక్కనున్న కౌంటర్లలో ధర స్పష్టంగా మెరుగ్గా ఉంటుంది. నగరంలోని ఫాయా థాయ్ స్టేషన్ వరకు టికెట్టు 45 బాట్లు, సుమారు అరగంట ప్రయాణం. అక్కడ స్తంభాల మీద నడిచే నగరపు ఆకాశ రైలు కలుస్తుంది. మొదటి మూడు రాత్రుల బసను ఇంటి దగ్గర ఉండగానే ఈ రైలు మార్గానికి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి. చూడవలసిన చోట్లకు దగ్గరగా ఉండడం కంటే మొదటి రోజున స్టేషన్‌కు దగ్గరగా ఉండడమే ముఖ్యం. రాత్రిపూట దిగేవారు గాని బరువు ఎక్కువ ఉన్నవారు గాని కింది అంతస్తులో యంత్రం నుంచి వరుస చీటీ తీసుకుని మీటరు టాక్సీ ఎక్కవచ్చు. మీటరు మీద విమానాశ్రయ రుసుము 50 బాట్లు, రహదారి సుంకాలు అదనంగా ఇవ్వాలి. బస చిరునామాను థాయ్ లిపిలో కాగితం మీద రాయించి ఉంచుకుంటే డ్రైవర్‌కు చూపడానికి పనికివస్తుంది.

ఉదయం ఎనిమిదికి బసకు చేరితే గది మధ్యాహ్నం రెండు గంటలకు గాని ఇవ్వరు. ముందు రాత్రికి కూడా డబ్బు కట్టి గది ఖాళీగా ఉంచమనడం ఒక మార్గం, అలసట తట్టుకోలేనివారికి అది దండగ కాదు. లేకపోతే సంచి వారికి అప్పగించి, దగ్గరలోనే తిని, నీడలో కూర్చుని గడపాలి. ఆ ఉదయం రాజభవనం చూడడానికి మాత్రం పోవద్దు. అక్కడ భుజాలు, మోకాళ్లు కప్పి ఉంచే బట్టలు కావాలి, గంటల తరబడి ఎండలో నిలబడే ఓపిక కావాలి, పైగా ఇవాళ భవనం మూసి ఉంది, నేను వేరే గుడి చూపిస్తానని బయట పలకరించే మోసగాళ్లను గుర్తుపట్టేంత తెలివి మేలుకుని ఉండాలి.

శాకాహారులకు మొదటి భోజనమే సమస్య అవుతుంది, అక్కడ కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పోస్తారు. పసుపు రంగు పలక మీద ఎర్రగా ‘జే’ అనే అక్షరం కనిపించిన దుకాణంలో మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. ఆ అక్షరం బొమ్మను ఫోన్‌లో దాచుకోండి. ఏదీ దొరక్కపోతే నగరంలోని పాహురత్ ప్రాంతంలో గురుద్వారా ఉంది, ఆ చుట్టుపక్కల రొట్టె, పప్పు దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగవద్దు. మన రెండు పిన్నుల ఛార్జర్లు చాలావరకు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, మూడు పిన్నులవి పడవు.

మొదటి సాయంత్రం, ఆ తరవాత

సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య, గదిలో నిద్ర లేచి కిటికీ బయట చదవలేని అక్షరాల దీపాలు చూసినప్పుడు, ఎందుకు వచ్చానన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. నాకు ఆ ప్రశ్నతోపాటు జ్వరం వచ్చినట్టు కూడా అనిపించింది, ఒళ్లు చూసుకుంటే చల్లగానే ఉంది. ఆ గంటలో తిరుగు టికెట్టు వెతకవద్దు, ఇంటికి ఫోన్ కూడా చేయవద్దు, ఎందుకంటే అవతలి గొంతు తిన్నవా బిడ్డా అని అడగగానే ఇద్దరూ నిలవలేరు. బయటికి వెళ్లి సందు చివరి దాకా నడిచి, ఒక పండో పెరుగు డబ్బానో కొనుక్కుని తిరిగి రండి. ఇంటికి వెళ్లిపోవాలా అన్న నిర్ణయం మూడు పగళ్లు గడిచేవరకు వాయిదా వేయండి. నాలుగో రోజున కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లిపోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

గదిలోకి చేరగానే రెండు నంబర్లు ఫోన్‌లో వేసుకోవాలి: పర్యాటక పోలీసులది 1155, బస చేసిన చోటిది మరొకటి. భారత రాయబార కార్యాలయం సుఖుంవిత్ రోడ్డు 23వ సందులో ఉంది. పాస్‌పోర్టు పోయినవారు మొదట పోలీసు ఫిర్యాదు తీసుకుని అక్కడికి వెళ్లాలి.

రెండో రోజును ఒకే ఒక పనికి కేటాయించండి. నాకు పట్టాల మీద తిరగడం ఇష్టం కనుక ఆకాశ రైలులో ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లి వచ్చాను. ఊరు ఎంతుందో, మార్పు స్టేషన్ ఎక్కడుందో, నిలబడే చోట ఎవరు ఎలా నిలబడతారో అన్నీ తెలిసిపోయాయి. మూడో రోజు బట్టలు ఉతికించుకుని, తరవాతి ఊరికి టికెట్టు కొనుక్కోవాలి. ఉత్తరాన చియాంగ్ మాయ్‌కి రాత్రి రైలు ఎక్కేవారు పాత హువా లంపోంగ్ స్టేషన్‌కు పోకూడదు. పాత పుస్తకాల్లో, కొందరు ఆటోవాళ్ల నోట ఇంకా ఆ పేరే వినిపిస్తుంది కానీ, దూరప్రాంత రైళ్లు 2023 జనవరి నుంచి క్రుంగ్ తేప్ అభివట్ స్టేషన్ నుంచి బయలుదేరుతున్నాయి. ఆ స్టేషన్ చాలా పెద్దది, నగరపు మెట్రో దిగి ప్లాట్‌ఫారం చేరేసరికి ఇరవై నిమిషాలు నడక పడుతుంది, కనుక రైలుకు గంట ముందే అక్కడ ఉండండి.